సూదికి పోయిన కాలు

నా ఎడమ కాలు మోకాలి కింద సన్నగా, పట్టు లేకుండా ఉంటుంది. చిన్నప్పుడు ఎడమ చేత్తో తొడను అదిమి పట్టుకుని, ఒక్కో అడుగూ ముందుకు నెట్టుకుంటూ నడిచేదాన్ని. మదనపల్లెలో మేమున్న మగ్గాల వీధిలో ఈ కాలు ఎట్లా పోయిందో తెలియని ఇల్లు లేదు. మా అమ్మే అందరికీ చెప్పింది.

నాకు రెండేళ్లు నిండకముందు, వేరుశనగ పెరికే రోజుల్లో, అమ్మ నన్ను తీసుకుని సదుం దగ్గరున్న పుట్టింటికి వెళ్లిందట. అక్కడ నాకు జ్వరం పట్టుకుంది. ఆ పల్లెకు సైకిల్ మీద వచ్చి మందులిచ్చే ఒకాయన ఉండేవాడు. చదివిన డాక్టరు కాదు, కానీ ఆ చుట్టుపక్కల జ్వరాలకు ఆయనే దిక్కు. ఆయన నా తుంటికి సూది వేశాడు. మర్నాడు పొద్దున అమ్మ నన్ను నిలబెట్టబోతే ఎడమ కాలు నేలకు ఆనలేదు. అమ్మకు తెలిసింది అంతే. సాయంత్రం సూది, పొద్దునకి కాలు లేదు. ఆ సూదే బిడ్డ కాలు తినేసిందని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేది. చెప్పేటప్పుడు నా పావడా మోకాలిదాకా ఎత్తి చూపించేది. నాకు సిగ్గుగా ఉండేది గాని, అమ్మ కళ్లలో నీళ్లు చూసి ఊరుకునేదాన్ని.

మా వీధిలో అందరివీ గుంత మగ్గాలు. నాన్న గుంతలో కాళ్లు దించుకుని పట్టుచీర నేస్తుంటే, అమ్మ గడప దగ్గర రాట్నం ముందు కూర్చుని పట్టుదారాన్ని కండెలకు చుట్టేది. టీకాల నర్సమ్మ భుజానికి డబ్బా తగిలించుకుని వీధిలోకి వచ్చిందంటే తలుపులు ఒక్కొక్కటే దగ్గరికి పడేవి. ఎందుకమ్మా అని ఆమె అడిగితే మా ఇంటివైపు చెయ్యి చూపించేవాళ్లు.

వీధి మొదట్లో చీరల అంగడి వాళ్ల ఇల్లు ఉండేది. ఆ ఇంటి కోడళ్లు చదువుకున్నవాళ్లు. పిల్లల్ని రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్లి అన్ని టీకాలూ వేయించేవాళ్లు. ఆ పిల్లలకు ఏమీ కాలేదన్న సంగతి మా వాళ్లకు లెక్కలోకి వచ్చేది కాదు. వాళ్లు వేరే మనుషులు, వాళ్ల ఒంటికి పడుతుంది, మనకు పడదు అనుకునేవాళ్లు. టీకా వేస్తే ఒకటి రెండు రోజులు జ్వరం వస్తుందని నర్సమ్మే చెప్పేది. జ్వరమొచ్చిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చునే తీరిక ఆ కోడళ్లకు ఉంది. మా ఆడవాళ్లు కండె చుట్టకపోతే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది. పైగా ఏ ఇంట్లోనూ ఈ సంగతి తల్లి తేల్చేది కాదు, అత్త తేల్చేది. మా అవ్వ, అంటే నాన్న తల్లి, నన్ను పసిబిడ్డప్పుడు నోట్లో వేసే చుక్కల మందుకు తీసుకుపోతానని అమ్మ అడిగితే వద్దందట. ఆ సంగతి అమ్మ చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. అప్పట్లో చెప్పే కథలో అది ఉండేది కాదు.

మా పక్కింట్లో ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆయన పట్టుకు రంగులు వేసేవాడు. మోచేతుల దాకా ఒకరోజు ఎరుపు, ఇంకోరోజు ఆకుపచ్చ. ఆయన భార్యను నేను చిన్నమ్మ అని పిలిచేదాన్ని. ఆమె మా అమ్మను అక్కా అనేది. వాళ్లింట్లో వాళ్లు తమ ఉర్దూలో మాట్లాడుకున్నా, మాతో మా తెలుగే. మధ్యాహ్నం ఎండ తిరిగాక ఇద్దరూ రెండు రాట్నాలూ పక్కపక్కనే పెట్టుకుని కండెలు చుట్టేవాళ్లు. పండగకు వాళ్లింటి సేమ్యా పాయసం మాకు, మా ఇంటి ఓళిగలు వాళ్లకు. అమ్మకు తోడబుట్టినవాళ్లు లేరు. ఆ లోటు చిన్నమ్మ తీర్చింది.

చిన్నమ్మకు నా ఈడు కూతురు ఒకతి ఉండేది. ఆ తర్వాత చాలాకాలం కాన్పు లేదు. దర్గాలకు మొక్కుకుని, ఆశ వదులుకున్నాక, ఒక కొడుకు పుట్టాడు. వాడు ఎక్కువగా మా ఇంట్లోనే పెరిగాడు. నన్ను చూసి నడక నేర్చుకున్నాడు కాబట్టి, వాడు కూడా ఎడమ చెయ్యి తొడ మీద అదుముకుని అడుగులు వేసేవాడు. మనుషులు నడిచేది అట్లాగే అనుకున్నాడేమో. చిన్నమ్మ నవ్వి చెయ్యి తీసేస్తే, కింద కూర్చుని ఏడ్చేవాడు. నా నడకను చూసి ఎవరైనా ముచ్చటపడ్డారంటే వాడొక్కడే.

వాడు పుట్టిన కొత్తలో నర్సమ్మ వాళ్లింటి ముందు చాలాసేపు నిలబడింది. లేక లేక పుట్టిన బిడ్డకదా, వేయించుకోమ్మా అని బతిమాలింది. చిన్నమ్మ కాస్త మెత్తబడింది. లోపలికి వచ్చి అమ్మను అడిగింది. అమ్మ నన్ను పిలిచి పక్కన నిలబెట్టుకుని, "నా బిడ్డను సూడు చెల్లీ. నీకు ఉండేది ఒక్కడు" అంది. చిన్నమ్మ బయటికి పోయి నర్సమ్మకు వద్దని చెప్పి పంపేసింది. అమ్మ ఆ మాట ప్రేమతోనే చెప్పింది. తనకు జరిగింది తన మనిషికి జరగకూడదనే చెప్పింది.

నేను హైస్కూల్లో చేరిన కొత్తలో, తొంభైల మొదట్లో, వాడికి గొంతు వాచింది. మొదట గవదబిళ్లలు అనుకుని సున్నం పూశారు. రెండోరోజుకు మెడ ఎద్దు మెడలా లావెక్కింది. ఊపిరి తీస్తుంటే రంపం కోసినట్టు చప్పుడు. రంగులాయన ఊళ్లో లేడు, సరుకు కోసం బెంగుళూరు పోయి ఉన్నాడు. అమ్మా చిన్నమ్మా వాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లారు. గొంతులో బూడిదరంగు పొర కట్టింది, డిఫ్తీరియా, వెంటనే తిరుపతికి తీసుకుపొమ్మన్నారు. ఎవరి జీపో మాట్లాడుకుని బయల్దేరారు. పీలేరు దాటకముందే వాడు చిన్నమ్మ ఒళ్లో పోయాడు. మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి జీపు తిరిగొచ్చి వాళ్లింటి ముందు నిలబడి ఉంది. అమ్మ జీపు దిగకుండా వెనక సీట్లోనే కూర్చుని ఉంది. రెండుసార్లు పిలిస్తే గాని నన్ను చూడలేదు.

బిడ్డ పేరున నలభై దినాల ఫాతిహా ప్రార్థన అయ్యాక వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. పుంగనూరులో చిన్నమ్మ అన్న ఉన్నాడు, అక్కడే ఏదైనా పని చూసుకుంటామన్నారు. వెళ్లేముందు చిన్నమ్మ అమ్మను కరుచుకుని ఏడ్చింది. అమ్మ ఏడవలేదు. కట్టెలా నిలబడింది.

ఆ తర్వాత అమ్మ నా కాలు కథ చెప్పడం మానేసింది. ఎవరైనా అడిగితే, ఏదో జ్వరమొచ్చి పోయిందని రాట్నం వైపు తిరిగేది. నా పావడా ఎత్తి చూపించేవాళ్లు లేకపోయినందుకు నేను లోపల్లోపల సంతోషపడ్డాను. ఎందుకు మానేసిందో ఆలోచించే వయసు కాదు నాది.

నేను కాలేజీలో ఉండగా ఒక శిబిరంలో కాలికి ఇనుప పట్టీల బూటు ఇచ్చారు. అక్కడ కొలతలు తీసుకున్న డాక్టరు నా కథంతా విని, అది పోలియో అని చెప్పాడు. ఆ జ్వరమే పోలియో జ్వరం, కాలు దానివల్లే పోయింది, ఆ జ్వరంలో సూది పొడవకుండా ఉంటే ఇంత చెడకుండా ఉండేదేమో, కానీ అసలు చుక్కల మందు పడి ఉంటే ఈ తంటానే లేదు అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట అమ్మకు చెప్పాను. తెలుసునన్నట్టు తల ఊపి అన్నం పెట్టింది.

ఆ రోజుల్లోనే ఆదివారాల పోలియో చుక్కలు మొదలయ్యాయి. మా వీధి బడిలో బల్ల వేశారు. ఒకప్పుడు మా వీధిలో తలుపులు మూయించుకున్న నర్సమ్మ, జుట్టు నెరిసిపోయి, మా ఇంటికే వచ్చింది. నన్ను వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చోమంది. ఊరికే కూర్చుంటే చాలు, బూటు కనబడేటట్టు. వెళ్లాను. బిడ్డల్ని ఎత్తుకొచ్చిన తల్లులు నా కాలు చూసి, బిడ్డ నోరు వాళ్లే తెరిచేవాళ్లు. చిన్నప్పుడు ఏ కాలు చూసి మా వీధి తలుపులు మూసుకుందో, ఆ కాలే చూసి ఇప్పుడు వరసలో నిలబడుతోంది. ఆ పొద్దంతా అమ్మ ఇంట్లోంచి బయటికి రాలేదు.

డిగ్రీ అయ్యాక వికలాంగుల కోటాలో నాకు ఆరోగ్యశాఖలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. పుంగనూరులో వేశారు. అప్పటికి నాన్న పోయాడు. మగ్గం అమ్మేసి అమ్మా నేనూ పుంగనూరులో చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. చిన్నమ్మ వాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు కదా, వెతుకుదామా అంటే అమ్మ మాట మార్చేది. ఎక్కడ వెతుకుతామమ్మా, యాడుండారో ఏమో అనేది. సంతకు పోయినా తల దించుకుని పోయి వచ్చేది.

మా ఆఫీసులో డాక్టరమ్మ మంచి మనిషి. చుక్కల ఆదివారం వచ్చిందంటే నిద్రపోయేది కాదు. ఊళ్లో ఒక సందు ఆమెకు పెద్ద దిగులుగా ఉండేది. బీడీలు చుట్టేవాళ్లు, టైలర్లు, చిన్న చిన్న వ్యాపారాలు చేసుకునే ముస్లింలు ఉండే సందు అది. సూదులు వేయించుకోరు, చుక్కలూ వద్దంటారు. కారణాలు ఆమెకు తెలుసు. తల్లులు బడికి పోయినవాళ్లు కారు. ఇంటికి నలుగురైదుగురు పిల్లలు. మగవాళ్లు బెంగుళూరులో పని చేస్తారు, వాళ్లను అడక్కుండా ఆడవాళ్లు ఏదీ చెయ్యరు. చుక్కలు వేస్తే ముందుముందు పిల్లలు పుట్టరన్న పుకారొకటి ఎక్కడినుంచో వచ్చి చేరింది. ఈ కారణాలన్నీ ఉన్నవే. అంతకుమించి వేరే కారణం లేదనే నేనూ అనుకున్నాను. మదనపల్లెలో బల్ల దగ్గర కూర్చున్న సంగతి విని, డాక్టరమ్మ నన్ను ఆ సందుకు పంపింది.

ఉర్దూ స్కూలు ముందు బల్ల వేశాం. పొద్దెక్కినా ఎవరూ రాలేదు. ఆ ఊరి నర్సమ్మా నేనూ ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాం. ఒకింట్లో కోడలు, పాతికేళ్లు ఉండవు, చంకలో బిడ్డ. నేను చీర కుచ్చెళ్లు కొంచెం ఎత్తి బూటు చూపించి, చుక్కలు పడక నా కాలు ఇట్లా అయిందమ్మా అన్నాను. ఆ అమ్మాయి నా కాలు జాలిగా చూసింది. తర్వాత మెల్లగా, "సూది ఏసినందుకే కదక్కా ఇట్లయ్యేది? మదనపల్లెలో మగ్గాలోళ్ల పాపకు ఇట్లే సూది ఏస్తే తెల్లారేసరికి కాలు పడిపోయిందంట. మా సందులో అందరికీ తెలుసు" అంది.

నర్సమ్మ ఏదో చెప్పబోతుంటే ఆపాను. ఎవరు చెప్పారమ్మా ఆ మాట అని అడిగాను. సందు చివర ఇంట్లో ఉండే పెద్దమ్మ అని, ఆమె తన కళ్లారా చూసిందని ఆ అమ్మాయి చెప్పింది.

సందు చివరిదాకా నడిచాను. గుమ్మానికి గోనెపట్టా తెర వేలాడుతోంది. బయట కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్న చిన్నమ్మ తలెత్తి ముందు నా కాలు చూసింది. తర్వాత ముఖం చూసింది. చేట పక్కకు తోసేసి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. నా చెంపలు, తల, భుజాలు తడిమింది. ఇంట్లోకి తీసుకెళ్లి కూర్చోబెట్టి, అమ్మ ఎట్లుందని, నాన్న ఎట్లున్నాడని అడిగింది. నాన్న సంగతి చెప్తే కళ్లు తుడుచుకుంది. రంగులాయన కూడా పోయాడట. నా ఈడు కూతురు లోపలినుంచి వచ్చింది, ఏడాది కూడా నిండని ఆడబిడ్డను ఎత్తుకుని. బిడ్డను చిన్నమ్మ తన ఒళ్లోకి తీసుకుంది.

నేను ఏం పని మీద వచ్చానో చెప్పాను. చిన్నమ్మ నావైపు వింతగా చూసింది. మీ అమ్మకు తెలుసా నువ్వు ఈ పని చేస్తాండేది అని అడిగింది. నేను తల ఊపాను. అప్పుడామె, ఏదో మంచి పని చేసినదాని సంతోషంతో, ఈ సందులో తను ఒక్క బిడ్డకు కూడా సూది పడనివ్వలేదని చెప్పింది.

"మీ అమ్మ నాకు చెప్పిన మాట, నేను వీళ్లందరికీ చెప్పినా. నా కొడుకును దేవుడు తీసుకపోయినాడు, సరే. కాళ్లూ చేతులూ బాగుండంగానే పోయినాడు" అంది.

నేను వెంటనే ఏదో చెప్పబోయాను. ఆమె ఒళ్లో బిడ్డను చూసి ఆగిపోయాను. ఏ డాక్టరూ ఆమెకు చెప్పలేదా, వాడు దేనితో పోయాడో, దానికి టీకా ఉందని ఆమెకు తెలియదా అనుకున్నాను. తెలియదు. ఆమె మాటల్లోనే అర్థమవుతోంది. అన్నం తినమంటే తినలేకపోయాను. అమ్మను తీసుకొస్తానని చెప్పి లేచాను.

సాయంత్రం అమ్మకు జరిగిందంతా చెప్పాను. తన కథ ఆ సందులో ఎట్లా తిరుగుతోందో చెప్పినప్పుడు అమ్మ గోడకు ఆనుకుంది. బిడ్డ పోయిన రోజు ఆస్పత్రిలో జరిగింది అప్పుడు చెప్పింది. ఆ రోజు చిన్నమ్మ బిడ్డతో లోపల మంచం దగ్గర ఉంది. డాక్టరు బయటికొచ్చి, తల్లి అనుకుని అమ్మనే కోప్పడ్డాడట. చిన్నప్పుడే టీకా వేయించి ఉంటే ఈ జబ్బే రాదు కదా, ఎందుకు వేయించలేదని. అమ్మ ఆ మాట లోపలికి తీసుకెళ్లలేదు. జీపులో చెప్పలేదు, బిడ్డను మట్టి చేసి వచ్చాక చెప్పలేదు, నలభై దినాలు పక్కింట్లోనే ఉండి చెప్పలేదు.

"యా నోటితో చెప్పేది? వద్దన్నింది నేనే కదా" అంది.

ఆ పాప కోసం, ఆ సందులో పిల్లల కోసం అయినా చెప్పాలి కదమ్మా, నీకు కష్టమైతే నేను చెబుతాను అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. నువ్వు చెప్తే ఆఫీసోళ్ల మాట అనుకుంటారు, సూదికి కాలు పోయిందని చెప్పింది నేను, కాదని నేనే చెప్పాల అంది. ఆ వారమంతా సరిగా తినలేదు. ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, వాకిట్లో నిలబడి ఉంది.

చిన్నమ్మ అమ్మను చూడగానే అక్కా అని ఎదురొచ్చింది. ఇద్దరూ చేతులు పట్టుకుని చాప మీద కూర్చున్నారు. కాసేపు చిన్నమ్మే మాట్లాడింది. పాత వీధి, పాత మనుషులు. అమ్మ ఊ కొడుతూ విని, చివరికి ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చెప్పింది. చుట్టూ తిప్పకుండా చెప్పింది. నా కాలు చుక్కల మందు పడక పోయిందనీ, సూదిని తిట్టుకుంటూ తిరిగింది తన తెలియనితనమనీ, ఆ తెలియనితనంతోనే తను చిన్నమ్మను ఆపాననీ, వాడికి టీకా పడి ఉంటే బతికేవాడని డాక్టరు తనతో అన్నాడనీ చెప్పింది. మొత్తం చెప్పాక, ఈ బిడ్డకు వేయించు చెల్లీ అంది.

చిన్నమ్మ అమ్మ ముఖంలోకే చూస్తోంది. "ఆ పొద్దే అన్న్యాడా డాక్టరు?" అని అడిగింది.

అమ్మ అవునంది.

చిన్నమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. మెల్లగా లేచి, బిడ్డను కూతురికిచ్చి, లోపలి గదిలోకి వెళ్లింది. ఏడుపు వినబడుతుందేమోనని చూశాం. ఏమీ వినబడలేదు. కూతురు టీ పెట్టి ఇచ్చింది. అమ్మ గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు. చీకటి పడేదాకా కూర్చున్నాం. ఆ అమ్మాయే చివరికి, మీరు పోండి పెద్దమ్మా, ఈ రోజుకు రాదు అంది.

తర్వాతి చుక్కల ఆదివారం ఉర్దూ స్కూలు ముందు మేం బల్ల వేసీ వేయకముందే చిన్నమ్మ వచ్చింది. మనవరాలి గడ్డం పట్టుకుని నోరు తనే తెరిచింది. చుక్కలు పడ్డాక బిడ్డ చిటికెన వేలికి గుర్తు పెట్టించుకుని, నాతో ఒక్క మాట మాట్లాడకుండా సందులోకి తిరిగి పోయింది. ఇంటికి పోలేదు. పక్కింటి తలుపు తట్టింది. ఆ తర్వాత ఇంకో తలుపు. ఏం చెప్పిందో నాకు తెలియదు. తన కొడుకు సంగతే చెప్పి ఉంటుంది, వేరే ఏం చెబుతుంది. మధ్యాహ్నానికి ఆడవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. అందరూ రాలేదు. కొందరికి భర్తలు ఫోన్లో వద్దన్నారు. పుకారు నమ్మినవాళ్లు నమ్ముతూనే ఉన్నారు. అయినా ఆ ఏడాది గడిచేసరికి సూదులకు కూడా ఆ సందు పిల్లలు ఆస్పత్రికి రాసాగారు. డాక్టరమ్మ ఆశ్చర్యపోయి, ఏం చెప్పి ఒప్పించావమ్మా అని నన్నడిగింది. నేను కాదు మేడమ్, వాళ్లలోనే ఒకామె అన్నాను. మిగతాది చెప్పడం నా వల్ల కాలేదు.

పుంగనూరులో ఉన్నన్నాళ్లూ అట్లాగే గడిచింది. నేను ఆదివారం బల్ల దగ్గరనుంచి ఇంటికి రాగానే అమ్మ, ఆమె వచ్చిందా అని అడిగేది. వచ్చిందమ్మా అనేదాన్ని. నా గురించి ఏమన్నా అడిగిందా అనేది. లేదనేదాన్ని. ఒకసారి అబద్ధం చెబుదామా అనుకున్నాను. అమ్మ ముఖం చూస్తే చెప్పలేకపోయాను. రంజాన్ పండగ రోజున అమ్మ వీధి వాకిట్లో కూర్చునేది. ఎవరూ వచ్చేవాళ్లు కాదు.

తర్వాత నన్ను కుప్పానికి బదిలీ చేశారు. అక్కడ సమస్య వేరు. పొద్దున రైలుకు తల్లులూ తండ్రులూ బెంగుళూరు కూలి పనులకు పోతారు. పిల్లలు ముసలివాళ్ల దగ్గర ఉంటారు. సగం ఇళ్లలో తమిళం, కొన్నిట్లో కన్నడం. టీకా వేయిస్తే రాత్రికి జ్వరమొస్తుంది, మర్నాడు రైలెక్కలేమని కోడళ్లు, కోడళ్లు లేకుండా నేనెట్లా తీసుకుపోయేదని అత్తలు. అమ్మ ఆ ముసలివాళ్లతో స్నేహం చేసింది. నా కాలు ఎట్లా పోయిందని వాళ్లు అడిగితే, ఇప్పుడు మళ్లీ చెప్పేది. తమిళం రాకపోయినా, తెలుగుకు చేతి సైగలు కలిపి చెప్పేది. మా అత్త వద్దంటే నేను ఊరుకున్నాను, చుక్కలు వేయించలేదు, కాలు పోయింది. నా మాట విని ఒక తల్లి ఊరుకుంది, ఆమె బిడ్డే పోయినాడు. ఆ రెండో మాట దగ్గర కాస్త ఆగేది. అయినా ఎప్పుడూ మింగేయలేదు. ఆ తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, వాళ్ల మనవణ్ణి తనే చంకనెత్తుకుని ఆస్పత్రికి నడిచేది.

కుప్పంలోనే అమ్మ పోయింది. గుండె నీరసపడిందన్నారు. మంచం మీదున్న రోజుల్లో ఒకసారి, పుంగనూరుకు బస్సు ఎన్నిటికి అని అడిగింది. పోదామా అంటే, వద్దులే అంది.

కర్మకాండలయ్యాక నేను పుంగనూరు వెళ్లాను. చిన్నమ్మకు ఎవరో ఒకరు చెప్పాలి. సందులో ఇప్పుడు సిమెంటు రోడ్డు, ఆమె ఇంటికి కొత్త తలుపు. ఆమె జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి కూర్చోమంది. నా ముఖంలోకి చూసి, అమ్మ సంగతి అడక్కుండానే అర్థం చేసుకుంది. ఎప్పుడు అంది. చెప్పాను. కష్టపడిందా అంది. లేదన్నాను. తలుపువైపు తిరిగి కూర్చుంది.

"ఆ మాట ఆ పొద్దే ఆస్పత్రిలో చెప్పుంటే నేను మీ అమ్మను కొట్టుందును. కొట్టి, తిట్టి, కొన్నాళ్లకు మళ్లా మాట్లాడుందును" అంది. "అన్నేండ్ల తర్వాత చెప్పింది. అప్పుడు కొట్టేదానికి నాకు చెయ్యి రాలా. మాట్లాడేదానికి నోరు రాలా."

అమ్మ ప్రతి చుక్కల ఆదివారం నీ గురించి అడిగేది చిన్నమ్మా అన్నాను. తెలుసు అంది. నువ్వు ఆ బల్ల దగ్గర నా ముఖం చూస్తాంటే తెలిసేది, అడగమని పంపింటాదని. రెండు మూడు తూర్లు మీ ఇంటి దాకా వచ్చి, మలుపులో నిలబడి, మళ్లుకున్యాను అని చెప్పింది. ఈ మాట అమ్మకు తెలిసి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను. ఆమెకు కూడా ఆ సంగతి తెలుసు.

మనవరాలు బడినుంచి వచ్చింది. చిన్నమ్మ దాన్ని పిలిచి, ఈమె మీ అమ్మకు అక్క, సలాం చెప్పు అంది. ఆ పిల్ల చెప్పి, సంచి పడేసి ఆడుకోవడానికి పరుగెత్తింది. చిన్నమ్మ నాకు అన్నం పెట్టింది. ఈసారి తిన్నాను.

కుప్పానికి తిరిగి పోవాలి, పలమనేరు బస్సుకు టైమవుతోందని లేస్తే, చిన్నమ్మ చెప్పులేసుకుని నాతో బయల్దేరింది. బస్టాండు దాకా నా అడుగుకు అడుగు వేస్తూ వచ్చింది. బస్సు కదలబోతుంటే ముందుకెళ్లి కండక్టరుతో, కొంచెం నిలపప్పా, ఆ యమ్మ ఎక్కాల అని చెప్పింది. నేను ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూసేసరికి, ఆమె అప్పటికే వెనక్కి తిరిగి సందు వైపు నడుస్తోంది.